సివిలియన్ పబ్లిక్ సర్వీస్ (1941–47) రివ్యూ: ఐదు మార్కుల్లో పనికి నాలుగు, నడిపిన తీరుకు ఒకటిన్నర

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టనన్న అమెరికా కుర్రాళ్ల ముందు మూడు దారులుండేవి. సైన్యంలోనే చేరి తుపాకీ లేని డ్యూటీ చేయడం ఒకటి, జైలు రెండోది. మూడోది ఈ సివిలియన్ పబ్లిక్ సర్వీస్, అంటే సైన్యం బయట క్యాంపుల్లో, ఆసుపత్రుల్లో చేసే సేవ. 1941 మే 15న మేరీల్యాండ్‌లోని పటాప్స్కోలో మొదటి క్యాంపు తెరిచారు. చివరివాళ్లు 1947 మార్చిలో బయటపడ్డారు. ఈ మధ్యలో దాదాపు 12,000 మంది ఇందులో పనిచేశారు. మనస్సాక్షి ఒప్పక యుద్ధం వద్దన్నవాళ్లు సైన్యానికి బదులు చేసే ప్రత్యామ్నాయ సేవ అనగానే ఇప్పటికీ అందరూ దీన్నే నమూనాగా చూపిస్తారు కాబట్టి ఏది పనిచేసిందో, ఏది బెడిసిందో విడదీసి చూడాలి.

ముందు ప్రవేశం సంగతి. 1940 నిర్బంధ సైనిక చట్టం సెక్షన్ 5(జి) ప్రకారం మత శిక్షణ, విశ్వాసం వల్ల అన్ని యుద్ధాలనూ వ్యతిరేకించేవాడికే అర్హత. ఈ ఒక్క యుద్ధం నాకు నచ్చలేదంటే చెల్లదు. పేరు నమోదయ్యాక ఫారం 47 తెప్పించుకోవాలి. నీ నమ్మకం ఏమిటి, ఎవరి దగ్గర నేర్చుకున్నావు, బలప్రయోగం ఎప్పుడైనా సరైనదేనంటావా, దీనికి నీ నడవడిలో రుజువేముంది అని అందులో అడుగుతారు. తేల్చేది సైనిక భర్తీ చూసే స్థానిక బోర్డు. అది కాదంటే అప్పీలు చేయొచ్చు. అప్పుడు న్యాయశాఖ విచారణ జరుగుతుంది, ఎఫ్‌బీఐ ఊళ్లోకి వచ్చి ఆరా తీస్తుంది. అన్నీ దాటితే ‘నాలుగు-ఇ’ వర్గం ఇస్తారు. ఎక్కువ మంది తట్టుకుని పడింది బలప్రయోగం ప్రశ్న దగ్గరే. ఇంట్లో దొంగ పడితే ఏం చేస్తావు అని బోర్డు సభ్యుడు అడిగితే, యుద్ధం వేరు, పోలీసు పని వేరు అని విడమరిచి చెప్పలేనివాడి దరఖాస్తు వీగిపోయేది. క్వేకర్లు, మెన్నొనైట్లు, బ్రదరెన్ అనే, యుద్ధమే తప్పని నమ్మే మూడు క్రైస్తవ శాంతి సంఘాల పిల్లలకు ఈ జవాబులు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చినవే. (పాలమూరు వైపు ఎం.బి., అంటే మెన్నొనైట్ బ్రదరెన్ చర్చిలు, జడ్చర్ల ఆసుపత్రి ఎరిగినవాళ్లకు మెన్నొనైట్ల పేరు కొత్తేం కాదు. అక్కడికి వచ్చిన మిషనరీలు ఆ శాఖవాళ్లే.) ఏ చర్చికీ చెందనివాడికి మాత్రం గడప దగ్గరే గండం.

లోపలికి వెళ్లాక అసలు చిక్కు డబ్బు దగ్గర మొదలవుతుంది. క్యాంపు షెడ్లు, పనిముట్లు, పని చూపించే మేస్త్రీ ప్రభుత్వానివి. తిండి, వైద్యం, నిర్వహణ ఆ మూడు శాంతి సంఘాల చర్చిల నెత్తిన. తలకు నెలకు 35 డాలర్లు లెక్క. ఇచ్చుకోగలిగినవాడు తన ఖర్చు తానే కట్టాలి, లేనివాడిది సంఘం భరిస్తుంది. బట్టలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. జీతం లేదు. చేతిఖర్చుకు నెలకు రెండున్నర డాలర్లు, అంతే. అదే 1942 నుంచి సైన్యంలో మామూలు సిపాయికి నెలకు 50 డాలర్లు, పైగా భార్యాబిడ్డలకు భత్యం. ఇక్కడ అదీ లేదు, బీమా కూడా లేదు. చెట్టు మీదపడి నడుం విరిగితే వాడి అదృష్టం. పాడి రైతుల దగ్గర పనికి పంపినప్పుడు రైతు మామూలు కూలీ కట్టేవాడు. ఆ సొమ్ము నేరుగా ఖజానాలో ప్రత్యేక ఖాతాకు పోయేది, పనిచేసినవాడికి గానీ చర్చికి గానీ రాలేదు. ఇది పొరపాటున జరిగింది కాదు. ఆబ్జెక్టర్ల (మనస్సాక్షి ఒప్పక యుద్ధం కాదన్నవాళ్ల) బతుకు సిపాయి కన్నా సుఖంగా కనిపిస్తే జనం ఊరుకోరని పైవాళ్ల భయం.

రెండో లోపం అజమాయిషీ. పథకం పౌరుల ఆధ్వర్యంలో నడుస్తుందని చట్టంలో రాసుంది. ఎవరిని ఎక్కడికి పంపాలో, ఎప్పుడు వదలాలో తేల్చింది మాత్రం నిర్బంధ సైనిక భర్తీ నడిపే సెలెక్టివ్ సర్వీస్ కార్యాలయంలో కూర్చున్న సైనికాధికారులు. దాని పెద్ద జనరల్ లూయీస్ హెర్షీ. తిండి పెట్టేది చర్చి, తాళం చెవి సైన్యానిది. కుర్రాళ్లకు కోపమొస్తే ఎదురుగా కనబడేది చర్చి మనిషే. చర్చిల పెత్తనం వద్దన్నవాళ్ల కోసం 1943లో కొలరాడోలోని మాంకోస్‌లో ప్రభుత్వమే క్యాంపు తెరిచింది, తర్వాత మిషిగన్‌లోని జర్మ్‌ఫాస్క్‌లో ఇంకొకటి. అక్కడ కుర్రాళ్లు పనిని కావాలనే నత్తనడక నడిపించారు. వారానికి ఆరు రోజులు, రోజుకు తొమ్మిది గంటలు, కూలీ లేదు, పైగా చేసే పని వల్ల ఎవరికి మేలో తెలియదు. అలాంటి చోట ఇంకోలా జరగాలనుకోవడమే తప్పు. 1946లో క్వేకర్ల సేవాసంఘం నిర్వహణ నుంచే తప్పుకుంది.

మరి నాలుగు మార్కులు దేనికి? పని సరిగ్గా కుదిరిన చోట ఫలితం అలాంటిది. మొదట్లో అందరినీ నేలకోత ఆపడానికి, మొక్కలు నాటడానికి అడవులకు తోలారు. 1942 నుంచి పిచ్చాసుపత్రులకు పంపడం మొదలైంది. అటెండెంట్లంతా సైన్యానికో ఫ్యాక్టరీలకో పోయి వార్డులు ఖాళీ అయ్యాయి మరి. ఫిలడెల్ఫియా శివారు బైబెరీలో మలమూత్రాల మీద అదుపు లేనివాళ్లకు ఒక భవనం, తిరగబడేవాళ్లకు ఒక భవనం. వందల మందికి ఒకరో ఇద్దరో కాపలా. పాత అటెండెంట్ల దగ్గర ఒక కిటుకుండేది: తడి తువాలును మెడకు చుట్టి మెలిపెడితే రోగి లొంగుతాడు, ఒంటి మీద గుర్తు పడదు. ఆబ్జెక్టర్లు ఇలాంటివన్నీ రాసి పెట్టుకున్నారు, దేశమంతటా ఉన్న తమ యూనిట్ల నుంచి నివేదికలు తెప్పించారు. బైబెరీలో ఒకరు దొంగచాటుగా ఫొటోలు తీశారు. అవి 1946 మేలో లైఫ్ పత్రికలో పడ్డాక దేశం ఉలిక్కిపడింది. కొట్టకుండా కూడా వార్డు నడపొచ్చని చేసి చూపించడం ఈ పథకం మొత్తంలో మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

మోంటానాలోని మిసూలాలో 103వ యూనిట్‌ది ఇంకో తరహా. కార్చిచ్చు మీదికి విమానంలోంచి దూకడం వీళ్ల పని. మందపాటి కాన్వాస్ సూటు, ముఖానికి తీగ జాలీ, కాలి జేబులో పొడవాటి తాడు. ప్యారాచూట్ చెట్టుకొమ్మకు చిక్కుకుంటే దిగడానికి ఆ తాడే దిక్కు. కిందికొచ్చాక ఒకవైపు గొడ్డలి, మరోవైపు పార ఉండే పులాస్కీతో ఆకూ వేరూ లేని ఉత్త మట్టి తేలేదాకా గీత తవ్వాలి. పిరికితనంతో యుద్ధం తప్పించుకున్నారనే మాట వీళ్ల ముందు నిలబడలేదు.

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ చేసిన ఆకలి ప్రయోగానికి 36 మంది ముందుకొచ్చారు. మొదటి 12 వారాలు రోజుకు సుమారు 3,200 క్యాలరీలు, తర్వాత 24 వారాలు అందులో సగం. బంగాళాదుంపలు, టర్నిప్‌లు, ముతక రొట్టె, మాకరోని. రోజుకు రెండు పూటలే. వారానికి 35 కిలోమీటర్ల నడక తప్పదు. బరువులో నాలుగో వంతు తగ్గించడం లక్ష్యం. కాళ్లకు నీరు పట్టింది, ఒంట్లో చలి పోలేదు, పళ్లేలు నాకారు, తిండి తప్ప వేరే ధ్యాస లేదు. కొందరు చాటుగా తినేసరికి తోడు లేకుండా బయటికి వెళ్లనివ్వలేదు. ఒకరు గొడ్డలితో తన వేళ్లే నరుక్కున్నారు. తిరిగి కోలుకునే దశలో తేలిన ముఖ్య విషయం: ఎండిన ఒంటికి విటమిన్ బిళ్లల కన్నా ముందు కావలసింది కడుపునిండా తిండి, అదీ రోజుకు 4,000 క్యాలరీల దాకా. చేరినవాళ్లు తెలిసే చేరారు, నిజమే. కానీ జీతం లేని నిర్బంధంలో ఉన్నవాడి అంగీకారాన్ని పూర్తి అంగీకారం అనడానికి మాకు మనసొప్పదు. అందుకే ఒక మార్కు కోత.

తర్వాత వచ్చిన రూపంలో పెద్ద లోపం సరిదిద్దారు. 1952 నుంచి క్యాంపులు ఎత్తేసి, ఆసుపత్రుల్లో, సేవాసంస్థల్లో రెండేళ్ల మామూలు ఉద్యోగం ఇచ్చారు, జీతంతో సహా. గడప కూడా తగ్గింది: దేవుడి మాట లేకుండా నైతిక విశ్వాసం ఉన్నా చాలని సుప్రీంకోర్టు 1970లో తేల్చింది. అయితే 1971లో, ఒక్క యుద్ధాన్ని మాత్రమే కాదనేవాడికి మినహాయింపు లేదంది. అమెరికాలోని మన తెలుగు కుటుంబాలకు ఇది ఇప్పటికీ వర్తించే సంగతే. 18–25 ఏళ్ల మగపిల్లల్లో పౌరులు, గ్రీన్‌కార్డున్నవాళ్లు సెలెక్టివ్ సర్వీస్ పరిధిలోకి వస్తారు, ఎఫ్-1, హెచ్-1బి వీసాల మీద ఉన్నంతకాలం రారు. నమోదు సమయంలో ఆబ్జెక్టర్‌నని చెప్పుకునే గడి లేదు. మళ్లీ డ్రాఫ్ట్ (నిర్బంధ సైనిక భర్తీ) పెడితే తాకీదు అందాకే దరఖాస్తు పెట్టాలి. బోర్డు ముందు మాటల కన్నా పాత తేదీలున్న ఉత్తరాలు, సంఘంలో చేసిన పని, ఎరిగినవాళ్ల సాక్ష్యం బరువు తూగుతాయి కాబట్టి అవి ముందే పోగేసి ఉంచుకోవాలి.