కుప్పంలో కచేరీ, పిన్ని మడత స్టూలు

“డిసెంబరు అయిపోయాక మద్రాసులో కచేరీ ఏంటే? అదీ కుప్పంలోనా?” అంది పిన్ని. ఆవిడ లెక్కలో మద్రాసు సంగీతమంటే సభలు, పట్టుచీరలు, విరామంలో క్యాంటీన్ కాఫీ. ఏటా డిసెంబరులో పది రోజులు టీ నగర్‌లో తోడికోడలి ఇంట్లో మకాం వేసి, రోజుకు మూడు కచేరీలు వినొస్తుంది. చేపల పల్లెలో పాట వినడానికి నెల్లూరు నుంచి రైలెక్కడమేంటని ఆవిడ అనుమానం.

కుప్పమంటే చిత్తూరు జిల్లా కుప్పం కాదని బాబాయికి విడిగా చెప్పాల్సి వచ్చింది. తమిళంలో సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ల ఊరు కుప్పం. మా తీరంలో పట్టపుపాలెం అంటామే, అలాంటిదే. ఇది బీసెంట్ నగర్‌లో, ఎలియట్స్ బీచ్‌కి ఉత్తరాన, అడయారు నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల ఉంది. పేరు ఊరూర్ ఆల్కాట్ కుప్పం. దివ్యజ్ఞాన సమాజాన్ని 1882లో అడయారుకు తీసుకొచ్చిన కర్నల్ ఆల్కాట్ పేరే ఇక్కడా నిలిచింది. సమాజం తోట పక్కనే. 2015లో గాయకుడు టి.ఎం. కృష్ణ, పర్యావరణ కార్యకర్త నిత్యానంద్ జయరామన్, ఊరివాళ్లు, వలంటీర్లు కలిసి ఇక్కడ ‘విళా’ మొదలుపెట్టారు. విళా అంటే పండగ. మేం వెళ్లింది 2016లో, రెండో ఏడు. టికెట్ లేదు, పాస్ లేదు, ముందు వరసలో పెద్దమనుషులకు సోఫాలూ లేవు.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఒంటిగంట దాటాక సెంట్రల్లో దిగాం. ఎదురుగా పార్క్ టౌన్ స్టేషన్ నుంచి పట్టాల వంతెన మీద పోయే లోకల్ ఎక్కితే తిరువాన్మియూర్ దాకా పది రూపాయలు కూడా కాలేదు. బోగీలు ఖాళీ, కిటికీలోంచి గాలి. స్టేషన్లలో మాత్రం మనుషులు తక్కువ, మెట్లు ఎక్కువ. పిన్ని మోకాళ్లు దారంతా నన్ను తిట్టాయి. అక్కణ్ణుంచి బీచ్ మూడు కిలోమీటర్లు. అప్పటి మీటరు లెక్కన నలభై రూపాయలు కావాలి. ఆటో అతను నూట ఇరవై అన్నాడు, ఎనభైకి దిగాడు. నలభై రూపాయలకు ఎండలో బేరం ఆడే ఓపిక మాకు లేదు.

బస గురించి ఎక్కువ రాయను, తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఫోన్లో ‘సీ బ్రీజ్ రూమ్’ అన్నారు. తీరా చూస్తే కిటికీ తెరిస్తే జనరేటరు. వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి ఏడు వరకేనట, అదీ బకెట్లో తెచ్చిస్తారట. రెండు రాత్రులకు 2,800 ముందే కట్టించుకున్నారు కాబట్టి నోరు మూసుకున్నాం. ఇంకోసారి వెళ్తే అడయారు బస్ డిపో చుట్టుపక్కల చూసుకుంటాను. అక్కణ్ణుంచి బీచ్ దగ్గరే, టిఫిన్‌కీ వెతుక్కోవాల్సిన పని ఉండదు.

సాయంత్రం నాలుగున్నరకే కుప్పానికి చేరాం. బీచ్‌లో ష్మిట్ స్మారకం దగ్గర ఐస్‌క్రీం బళ్లు, జంటలు, కుక్కల్ని తిప్పేవాళ్లు. అక్కణ్ణుంచి ఉత్తరంగా నాలుగడుగులు వేస్తే ఊరే మారిపోతుంది. పడవలు, ఎండుచేపల వాసన, ఇరుకు సందులు. “ఇన్నేళ్లుగా ఈ బీచ్‌కి వస్తున్నా, ఇటువైపు ఎప్పుడూ రాలేదే,” అంది పిన్ని, తనలో తను అనుకుంటున్నట్టు. మద్రాసులో ఉండేవాళ్లు కూడా చాలామంది రారట. 1936లో పుట్టిన కళాక్షేత్ర ఇక్కడికి రెండు మూడు కిలోమీటర్లే. అక్కడి నాట్యం ప్రపంచమంతా తిరిగింది కానీ ఈ సందుదాకా రావడానికి విళా దాకా ఆగాల్సి వచ్చిందేమో.

దారిలో పసుపు టీషర్టు వేసుకున్న ఒకమ్మాయి మా చేతిలో ప్లాస్టిక్ సీసా చూసి, నీళ్ల కుండలున్న చోటు చూపించింది. పండగ ముందు రోజుల్లో వలంటీర్లు, ఊరి పిల్లలు కలిసి చెత్త ఎత్తారట. అంతమాత్రాన మొత్తం అద్దంలా ఉందని చెప్పను. కార్పొరేషన్ బండి ఎప్పుడొస్తుందన్న దాని మీద ఒక పెద్దాయన వలంటీరు కుర్రాణ్ణి నిలబెట్టి గట్టిగానే అడుగుతున్నాడు. కుర్రాడు నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. నాకు ఆ మాటలు స్టేజీ మీది ప్రసంగాల కన్నా బాగున్నాయి.

స్టేజీ గుడికి ఎదురుగా వేశారు. వెనక బట్టల కొట్టు బ్యానర్లు గానీ, బంగారు నగల ప్రకటనలు గానీ లేవు. ఒక మూల పరై అనే డప్పు వాయించేవాళ్లు ఎండుగడ్డి, కాగితాలు పోగేసి మంట పెట్టి వాయిద్యాలు కాచుకుంటున్నారు. మా వైపు పలకలు కూడా ఇలాగే కాస్తారు. సముద్రం గాలికి తోలు మెత్తబడిపోతుంది, కాచకపోతే పలకదు. ఒకాయన వేలితో తట్టి, చెవి పెట్టి విని, మళ్లీ మంటకు చూపిస్తున్నాడు. అటు స్టేజీ మీద మృదంగం ఆయన కూడా అదే గాలితో అవస్థ పడుతున్నాడు. రవ్వ ముద్ద అద్దుతాడు, గీకుతాడు, మళ్లీ అద్దుతాడు. పిన్ని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది.

కూర్చోడానికి ఇసుక మీద పట్టాలు. కుర్చీలు పాతిక కూడా లేవు, అవి నిండిపోయాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తీసుకెళ్తే మడత స్టూలు పట్టుకెళ్లండి. మేం తీసుకెళ్లాం కాబట్టి బతికాం. బాత్రూముల సంగతి బలహీనం. రెండే పెట్టారు, ఏడింటికల్లా పెద్ద క్యూ. పిన్ని ఇబ్బంది గమనించి, పక్కన రొయ్యలు ఒలుచుకుంటున్న ఒకామె చెయ్యి తుడుచుకుని లేచి, తన ఇంటికి తీసుకెళ్లింది. ఒంటి గది ఇల్లు. గోడ మీద నడుమెత్తున వరదనీటి మరక ఇంకా ఉంది. వచ్చేటప్పుడు చెంబుతో మంచినీళ్లిచ్చింది. నెల్లూరులో బయట ఎక్కడా నీళ్లు ముట్టుకోని మా పిన్ని గడగడా తాగేసింది. నేనేమీ అనలేదు.

మొదట పరై ఆట. ఆ దెబ్బకు చిన్నపిల్లలంతా లేచి స్టేజీ ముందుకు పరుగు. తరవాత విల్లుపాట్టు, మన బుర్రకథ లాగే నవ్విస్తూ కథ చెబుతారు. నాకు తమిళం సగమే తెలుసు, నవ్వులన్నీ ఆలస్యంగా నవ్వాను. చీకటిపడ్డాక కర్ణాటక సంగీతం. మైకు మధ్యమధ్య కీచుమంది, పక్క సందులో ఎవరిదో టీవీ సీరియల్ నడుస్తూనే ఉంది, పిల్లలు గోల. సభలో అయితే చుట్టూ ఉన్నవాళ్లు కళ్లతోనే చంపేసేవాళ్లు. ఇక్కడ పాడుతున్నావిడ కళ్లు మూసుకుని ఆలాపన సాగించింది. కాసేపటికి గోల దానంతటదే తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు.

తరవాత త్యాగరాజ కీర్తన అందుకుంది. చుట్టూ అంతా తమిళులు. వరసలో మాటలు అర్థమవుతున్నది మా ఇద్దరికేనేమో. రొయ్యల ఆవిడ పిన్ని భుజం తట్టింది.

“ఏం పాడుతోందమ్మా?”

పిన్ని తన టీ నగర్ తమిళంలో చెప్పింది: రాముడితో గొడవ పెట్టుకుంటున్నాడు, ఎన్నాళ్లిలా కనిపించకుండా తిప్పుకుంటావని నిలదీస్తున్నాడు.

“దేవుణ్ణి తిడుతున్నాడా!” ఆవిడ నవ్వింది. “వల ఖాళీగా వస్తే మేం అమ్మవారిని తిట్టేదీ అదే.” అటు తిరిగి పక్కనున్నామెకు చెప్పింది, ఆమె ఇంకొకామెకు. కీర్తన అయ్యేసరికి మా వరస అంతా రాముడి మీద కోపంగా ఉంది.

తిరిగి వెళ్తూ పిన్ని లెక్క మొదలుపెట్టింది. చాలా సభల్లోనూ మధ్యాహ్నం కచేరీలు ఉచితమే, టికెట్ లేకుండా లోపలికి వెళ్లొచ్చు. “మరి రొయ్యలావిడ ఎప్పుడూ ఎందుకు రాలేదంటావ్?” అన్నాను. “బీచ్‌కి ఇన్నేళ్లు వచ్చి నేనిటు రాలేదుగా,” అంది. ఆ తరవాత ఆటో దిగేదాకా మాట్లాడలేదు.

తిండి విషయం: విళాలో కుప్పం ఆడవాళ్లు వేయించిన చేప ముక్కలు వేడివేడిగా దొరికాయి, నాకు భలే నచ్చాయి, కారం కాస్త ఎక్కువ. శాకాహారులకు సుండల్, అంటే మన గుగ్గిళ్లు, తప్ప పెద్దగా ఏమీ లేదు. పిన్ని రెండు సాయంత్రాలూ సుండల్‌తోనే గడిపి, రాత్రి అడయారులో ఇడ్లీ తింది. తిరుగు ఆటో కోసం తొమ్మిది దాటాక బీచ్ రోడ్డు దాకా నడవాలి. కుప్పం సందుల్లోకి ఎవరూ రారు. ఇద్దరు డ్రైవర్లు అడ్రసు వినగానే ఫోన్ పెట్టేశారు.

తరవాత 2018లో పండగ పేరు చెన్నై కలై తెరు విళా అని మారింది, వేరే చోట్లకూ వెళ్లింది. మీరు వెళ్లాలనుకుంటే ఆ ఏడాది జరుగుతుందో లేదో, జరిగితే ఎక్కడో ముందే కనుక్కోండి.

మూడో రోజు రైలుకు టైముంది కదా అని పొద్దున్నే మళ్లీ కుప్పానికి వెళ్లాం. స్టేజీ విప్పేశారు. రాత్రి మేం కూర్చున్న చోట వల పరిచి ఇద్దరు మగవాళ్లు చిరుగులు కుడుతున్నారు. రొయ్యలావిడ గట్టు మీద చేపల బుట్ట పెట్టుకుని బేరాల్లో ఉంది. పిన్నిని చూసి చెయ్యూపింది. పుట్టి బుద్ధెరిగాక చేప ముట్టని మా పిన్ని వెళ్లి బుట్ట దగ్గర కూర్చుని, వంజరం కిలో ఎంతని అడిగింది.