రాణిగంజ్ టార్పాలిన్, అత్తమ్మ బొంత

క్యాంపింగ్ సామాన్ల గురించి రాస్తూ టార్పాలిన్ దుకాణంతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. మేము పెట్టిన ఆరు వేలలో పైసాకి పైసా పనికొచ్చింది అక్కడ ఖర్చుపెట్టిన డబ్బే. మొదటిసారి టెంటులో పడుకోబోయే హైదరాబాద్ వాళ్ళెవరైనా ఉంటే, టెంటు కొనకముందే ఇది చదవమని నా మనవి.

సంక్రాంతి సెలవుల్లో ఒక రాత్రి బయట పడుకోవాలని మా పాప నవంబరు నుంచీ అడుగుతోంది. దానికి పదకొండేళ్ళు. ముగ్గురికీ కలిపి ఆరు వేలు దాటొద్దని నేనూ మా ఆయనా ముందే మాట అనుకున్నాం. ఊరికి దగ్గరలో అనంతగిరి ఉండనే ఉంది. వికారాబాద్ దాటాక, మూసీ పుట్టే కొండలు. రిజర్వు ఫారెస్టులో మనకు నచ్చిన చోట టెంటు వేసేస్తామంటే కుదరదు కాబట్టి, టెంట్లకు చోటిచ్చే ఒక మామిడి తోటలో మాట్లాడుకున్నాం. బాత్రూం ఉంది, రాత్రి కాపలా మనిషి ఉంటాడు. ఆడపిల్లతో వెళ్ళేవాళ్ళు ఈ రెండూ ముందు అడగండి.

ముగ్గురు పట్టే టెంటు ఆన్‌లైన్‌లో 1,799కి కొన్నాం. అట్ట పెట్టె మీద 2000 ఎంఎం వాటర్‌ప్రూఫ్ అని పెద్ద అక్షరాలతో ఉంది. అంటే రెండు మీటర్ల ఎత్తు నీళ్ళు నిలబెట్టినా ఆ బట్ట కారదని లెక్క. బట్ట సంగతి నిజమే, కారలేదు. కారింది కుట్ల దగ్గర. డాబా మీద వేసి మగ్గుతో నీళ్ళు పోశాను. పై కుట్టు వెంబడి సూది దూరిన ప్రతి రంధ్రంలోంచి లోపలికి బొట్టు బొట్టుగా నీళ్ళు దిగాయి. మంచి టెంట్లకు లోపలివైపు కుట్ల మీద టేపు అంటించి ఉంటుంది, దీనికి లేదు. వాపసు తీసుకోమంటే సీలు విప్పాక తీసుకోం అన్నారు. మూడుసార్లు ఫోన్ చేసినా అదే మాట. 1,799 అంటే మా ఇంట్లో చిన్న మొత్తం కాదు, నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు. కొన్న రోజే నీళ్ళు పోసి చూసుకోండి, కుట్లకు టేపు ఉందో లేదో ఫొటోలో అడిగి మరీ కొనండి.

"ఇంకో టెంటెందుకు? పైన తాటిపత్రి కప్పితే సరి," అన్నాడు మా ఆయన. వాళ్ళ ఊళ్ళో టార్పాలిన్‌ని తాటిపత్రి అంటారు, వడ్ల కుప్పల మీద కప్పేది. అలా రాణిగంజ్ వెళ్ళాం.

తార్నాక నుంచి బస్సులో సికింద్రాబాద్, అక్కడి నుంచి రాణిగంజ్. ఆధార్ చూపిస్తే నాకూ పాపకూ జీరో టికెట్, మా ఆయనకు మాత్రం టికెట్. కారు తీసుకెళ్ళకండి, అక్కడ పెట్టడానికి చోటు దొరకదు. బస్టాపు దిగి లోపలి సందుల్లోకి వెళ్తే టార్పాలిన్లు, తాళ్ళు, గోనె సంచులు అమ్మే దుకాణాలు వరసగా ఉంటాయి. మేము వెళ్ళింది బోర్డు సగం చెరిగిపోయిన ఒక చిన్న దుకాణం. గల్లా దగ్గర డెబ్బై దాటిన పెద్దాయన. మడతల గుట్ట అటక దాకా ఉంది.

లారీల మీద వేసే మందపాటిది చూపించి ఇది కావాలన్నాను. ఆయన ఎవరికి, ఎందుకు అని అడిగాడు. చెప్పాను. "అమ్మా, ఇది సిమెంటు లోడు మీద కప్పేది. నీ టెంటు మీదేస్తే టెంటు కూర్చుంటది," అని దాన్ని పక్కకు నెట్టేశాడు. తర్వాత కాగితం ముక్క మీద లెక్క వేసి చూపించాడు. టార్పాలిన్‌ని జీఎస్ఎంతో కొలుస్తారు, చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని. పన్నెండు అడుగులు, పదిహేను అడుగుల ముక్క దాదాపు పదహారున్నర చదరపు మీటర్లు. 250 జీఎస్ఎం అయితే నాలుగు కిలోల పైమాట. 120 అయితే రెండు కిలోలు. మంచు ఆపడానికి, ఒక వాన ఆపడానికి 120 చాలు. ఎక్కువ ధర ఉన్నది నేనే అడుగుతుంటే తక్కువది చేతిలో పెట్టిన వ్యాపారిని చాలా కాలానికి చూశాను.

ముక్క కోశాక దాన్ని ట్యూబ్‌లైటు కింద పైకెత్తి పట్టుకోమన్నాడు. నేనొక వైపు, పాప ఒక వైపు. వెలుతురు చుక్కలా కనిపిస్తే అక్కడ రంధ్రం ఉన్నట్టు. పాప ఒకటి పట్టేసింది, అంచు దగ్గర ఆవగింజంత. ఆయన ఏమీ మాట్లాడకుండా ఆ ముక్క పక్కన పెట్టి ఇంకోటి కోశాడు. తర్వాత అంచు మడిచి, లోపల సన్నతాడు పెట్టి, మూడు అడుగులకొక రింగు వేశాడు. నాలుగు మూలల్లో మాత్రం బట్టను నాలుగు మడతలు వేసి మరీ కొట్టాడు, గాలి వేస్తే ముందు చిరిగేది మూలేనట.

టెంటు కిందకి ఏడడుగుల చదరం ముక్క అడిగాను, టెంటు అడుగు కొలత అదే కాబట్టి. ఆరడుగులది చాలన్నాడు. కింద వేసిన పట్టా టెంటు బయటికి వస్తే వాన నీళ్ళు దాని మీద పడి నేరుగా టెంటు కిందికి చేరతాయి. అందుకే అన్ని వైపులా ఆరు అంగుళాలు లోపలికే ఉండాలి. రెండూ కలిపి 1,400. మీటరు లెక్కన కాక కిలో లెక్కన తూచి ఇచ్చిన తాడు 180.

ఇక ముడి. తాడు కొంటున్నప్పుడు ఎలా కడతారని అడిగాడు. మా ఆయన మామూలు ముడి వేసి చూపించాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపి, బల్ల కాలుకి తాడు తగిలించి లారీవాళ్ళు లోడు బిగించే ముడి నేర్పాడు. తాడు మధ్యలో చిన్న ఉచ్చు వేయాలి. కొసను మేకు చుట్టూ తిప్పి తెచ్చి ఆ ఉచ్చులోంచి దూర్చి, మళ్ళీ మేకు వైపు కిందికి లాగాలి. ఉచ్చు బావి గిలకలా పనిచేస్తుంది, చిన్నపిల్ల లాగినా తాడు తీగలా బిగుస్తుంది. అలా లాగి పట్టుకునే రెండు సగం ముడులు వేస్తే సరి. విప్పేటప్పుడు ఆ సగం ముడులు తీసేస్తే ఉచ్చు ఒక్క గుంజుకి ఊడి వస్తుంది. పాప చేత నాలుగుసార్లు వేయించాడు. అయిదోసారి తనంతట తనే వేస్తే "షాబాష్ బేటీ" అన్నాడు. వెనక ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నా తొందరపెట్టలేదు.

టెంటుతో వచ్చిన మేకులు వంట్లో బలం లేని తీగలు. అనంతగిరి నేల ఎర్ర మొరం, వాటిని దిగనివ్వదు. మా వీధిలో గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో ఎనిమిది ఎంఎం సలాకని అడుగు పొడవున ఎనిమిది ముక్కలు కోయించి, ఒక కొస సాన పట్టించి, ఇంకో కొస వంకీలా వంచించాను. 200 రూపాయలు. బేగంబజారు కూడా తిరిగాం కానీ, గిన్నెలు ఇంట్లో ఉన్నవే చాలు కాబట్టి చేతులూపుకుంటూ వచ్చేశాం.

ఆటల సామాన్లు అమ్మే డెకాథ్లాన్‌లో ఫోమ్ మ్యాట్లు రెండు, తలకు పెట్టుకునే లైట్లు రెండు తీసుకున్నాం. మ్యాట్లు 1,200, లైట్లు 900. అక్కడ టెంట్లు వేసి ఉంచుతారు, లోపల దూరి చూడొచ్చు. ఎక్కడ కొన్నా ముందు అక్కడికి వెళ్ళి పడుకుని చూడండి, "ముగ్గురికి" అని రాసిన టెంటులో ముగ్గురు ఎలా సర్దుకుంటారో అర్థమవుతుంది. తలలైటు అనవసరమని మొదట అనుకున్నాను. చీకట్లో రెండు చేతులతో తాడు కట్టేటప్పుడు దాని విలువ తెలిసింది.

రెండు మ్యాట్లే కొనడం మేము చేసిన తప్పు. "చిన్నప్పుడు కల్లంలో పడుకున్నోణ్ణి, నాకెందుకు?" అని మా ఆయన వద్దన్నాడు.

స్లీపింగ్ బ్యాగులు కొనలేదు. ఆ డబ్బు మిగిల్చింది అత్తమ్మ. మేము లెక్కలు వేస్తుంటే విని, బీరువా మీది నుంచి బొంత దించింది. మూడు పాత నేత చీరలు, మధ్యలో మామయ్య పంచెలు, వేలెడు దూరానికొక చేతి కుట్టు. ఒక మూల అంచు చీర ఎరుపు ఇంకా వెలవలేదు. "ఇది కింద పరుచుకో బిడ్డా, మీద సోలాపూర్ చద్దర్లు కప్పుకోండ్రి. నడుం నొయ్యదు," అంది. మ్యాట్ మీద బొంత, బొంత మీద మనిషి, మీద చద్దర్లు. మన చలికి ఇంతకు మించి అక్కర్లేదని నా అనుభవం. హిమాలయాలకు వెళ్ళేవాళ్ళ సంగతి వేరు.

స్టవ్ కూడా కొనలేదు. పులిహోర, సర్వపిండి, ఉడికించిన గుడ్లు, రెండు ఫ్లాస్కుల టీ. ఒక్క రాత్రికి అంతకన్నా ఏం కావాలి? స్టవ్ ఉన్నవాళ్ళకు ఒక్క మాట. చలిగా ఉందని టెంటు లోపల వెలిగించకండి. బొగ్గుల కుంపటి కూడా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. రైల్లో వికారాబాద్ వెళ్ళేవాళ్ళు గ్యాస్ డబ్బా అసలు పట్టుకెళ్ళకూడదు.

శనివారం మధ్యాహ్నం చేవెళ్ళ మీదుగా బయల్దేరాం. ఆ రోడ్డు మర్రిచెట్ల కింద పాప కిటికీ దించి కూర్చుంది. తోటలో రెండు మామిడి చెట్ల మధ్య తాడు కట్టి, దాని మీద టార్పాలిన్ వేసి, నాలుగు వైపులా లాగి సలాకలకు బిగించాం. ముడులన్నీ పాపే వేసింది. టెంటు పైకప్పుకీ టార్పాలిన్‌కీ మధ్య జానెడు సందు వదలమని పెద్దాయన చెప్పాడు, గాలి ఆడాలి, రెండూ తగులుకోకూడదు.

రాత్రి రెండున్నరకి మెలకువ వచ్చింది. మా ఆయన లేచి కూర్చుని ఉన్నాడు. పైన రెండు చద్దర్లు ఉన్నాయి, ఒళ్ళు వెచ్చగానే ఉంది, నడుం మాత్రం మంచుగడ్డ మీద పెట్టినట్టుందన్నాడు. కింద నేల వేడిని లాగేస్తుంటే పైన ఎన్ని కప్పుకున్నా లాభం లేదు. మన బరువుకి బట్ట అణిగిపోతుంది, అందులో గాలి మిగలదు. ఫోమ్ మ్యాట్ అణగదు, దాని చిన్న చిన్న గదుల్లో గాలి అలాగే ఉంటుంది. ఆ గాలే వెచ్చదనం. అప్పుడు నాకు కల్లం సంగతి తట్టింది. "కల్లంలో కింద ఏం వేసుకునేవాళ్ళు?" అంటే "వరిగడ్డి," అన్నాడు. ఇద్దరం చీకట్లో ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండు మ్యాట్లనూ అడ్డంగా పరిచి, ముగ్గురికీ భుజం నుంచి తొడ దాకా వచ్చేలా సర్దుకున్నాం. కాళ్ళ కింద బట్టల సంచులు. అయిదు నిమిషాల్లో ఆయన గురక వినిపించింది.

చలి అని నేను టెంటు పైన గాలి ఆడే కిటికీ మూసేశాను. అది నా పొరపాటు. తెల్లారేసరికి మా ముగ్గురి ఊపిరి తేమ గోడలకు పట్టి, కాళ్ళవైపు చద్దరు అంచు తడిసింది. అంగుళమైనా తెరిచి ఉంచాలి. బయట మంచు మాత్రం టార్పాలిన్ మీది నుంచి వానలా ధారగా కారుతోంది. కుట్లకు టేపు లేని ఆ టెంటు పైకప్పు మీద చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది.

మొత్తం 5,679. తిరిగొచ్చిన వారమే మూడో మ్యాట్ 600 పెట్టి కొన్నాం, అంటే 6,279. అనుకున్నదానికన్నా 279 ఎక్కువ. మళ్ళీ మొదటి నుంచి కొనాల్సి వస్తే ముందు మూడు మ్యాట్లు, తర్వాత టార్పాలిన్, ఆ తర్వాత మిగిలిన డబ్బుతోనే టెంటు. ఒక రాత్రికైతే టెంటు అద్దెకు తెచ్చుకున్నా సరే.

దుకాణంలో నాకు నచ్చనివి కూడా చెప్పాలి. బిల్లు అడిగితేనే ఇచ్చారు. రింగులు వేశాక వాపసు లేదు, కాబట్టి కొలతలు ఇంటి దగ్గరే రాసుకుని వెళ్ళండి. కొత్త టార్పాలిన్‌కి ప్లాస్టిక్ వాసన గట్టిగా ఉంటుంది, రెండు రోజులు ఎండలో ఆరేస్తే పోయింది. నీలం రంగు తీసుకుంటే కింద మొహాలు నీలంగా కనిపిస్తాయి, పాపకు అది నచ్చలేదు. వాళ్ళ దగ్గర పసుపు కూడా ఉందని తర్వాత తెలిసింది.

మొన్న వరండాకి ఎండ తగలకుండా ఇంకో ముక్క కోసం వెళ్ళాను. సాయంత్రం అయిదైంది. పెద్దాయన లేడు, కొడుకు ఉన్నాడు. బట్ట కోసి ఇచ్చాడు కానీ రింగులు నాన్నే వేస్తాడు, రేపు రమ్మన్నాడు. మీరు వెళ్ళేటట్టయితే పొద్దున పదకొండుకల్లా వెళ్ళండి, పెద్దాయన ఉంటాడు. తాడు తీసుకుని, ముడి కూడా నేర్పమని అడగండి.