అంకె అంకె చూసుకుని కొనగలిగే కొట్టు

పాత లాగరిథమ్ పుస్తకాలు (పెద్ద గుణకారాలను కూడికలుగా మార్చే పట్టికలు), ఖగోళ పట్టికలు కావాలని ఎవరైనా అడిగితే తిరుపతిలో నేను ధైర్యంగా చెప్పే చోటు ఒకటుంది. గాంధీ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో, బోర్డు కూడా లేని పాత పుస్తకాల కొట్టు. ముందు వరసంతా గ్రూప్-2, డీఎస్సీ గైడ్లే. వాటిని చూసి వెనక్కి వచ్చేయకండి. మనకు కావాల్సినవి మెట్ల కింద చెక్క బీరువాలో, అడుగు అరలో ఉంటాయి. నేను చిత్తూరులో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. సెలవు దొరికితే గుళ్ల శాసనాల్లోని తేదీలు సరిచూస్తుంటాను. రెండు పనులకూ ఈ బీరువా అక్కరకొచ్చింది.

ఇక్కడ అన్నిటికన్నా నాకు నచ్చింది, కొనేముందు కూర్చుని చూసుకోనిస్తారు. నవలైతే రెండు పేజీలు తిరగేసి కొనేయొచ్చు. పట్టికల పుస్తకంలో ఒక్క అంకె తప్పున్నా మన లెక్క తప్పుతుంది, తప్పినట్టు కూడా తెలియదు. 1821లో ఇంగ్లండ్ గణితవేత్త చార్లెస్ బాబేజ్, ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కలిసి ఖగోళ పట్టికలు సరిచూస్తూ, అడుగడుగునా తప్పులే కనబడి విసిగిపోయారు. లెక్కలు మరతోనే చేయించాలన్న పట్టుదల బాబేజ్‌కు అక్కడే మొదలైంది. అందుకే కొట్టు అన్న స్టూలు జరిపి "నిదానంగా చూసుకోండి మేడమ్, తొందరేం లేదు" అన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎలా చూసుకోవాలో చెప్తాను. నేను కొన్నది చేంబర్స్ ఏడంకెల లాగరిథమ్ పట్టికలు. 20000 ఉన్న పేజీ తీస్తే 3010300 అని ఉంటుంది, అవి దాని లాగరిథమ్‌లో చుక్క తర్వాతి అంకెలు. ఆ తర్వాతవి 3010517, 3010734, 3010951. ఒక్కోదానికీ తేడా 217. అదే 90000 దగ్గరికి పోతే తేడా 48కి దిగుతుంది. తేడాలు అలా మెల్లగా తగ్గుతూ పోవాలి. మధ్యలో ఎక్కడైనా ఒక్కసారిగా ఎగిరిందంటే అక్కడ అచ్చుతప్పో, చెరిగిన అంకో ఉన్నట్టే. వర్గాలు, ఘనాలు ఇచ్చే బార్లో పట్టికల పుస్తకంలో వర్గాలు చూడటం ఇంకా సులువు. 1370, 1371, 1372 వర్గాలు 1876900, 1879641, 1882384. తేడాలు 2741, 2743. ఆ తేడాల మధ్య తేడా ఎప్పుడూ 2. కాగితం, పెన్సిల్ తీసుకెళ్లి మధ్యమధ్యలో కొన్ని పేజీలు ఇలా చూసుకుంటే చాలు.

ఈ తేడాల విద్య మన దగ్గర పాతదే. ఆర్యభటీయంలో జ్యాపట్టిక (ఇప్పటి సైన్ పట్టిక) ఉన్నదే తేడాల రూపంలో. అంకెలకు బదులు అక్షరాలతో మఖి, భఖి, ఫఖి అంటూ 225, 224, 222 అని మొదలై 22, 7 దగ్గర ఆగుతుంది. ఇరవై నాలుగూ కూడితే 3438 రావాలి. అది కళల్లో (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) చెప్పిన వ్యాసార్ధం. ఒక్కటి తప్పుగా అప్పజెప్పినా మొత్తం కుదరదు. మా పిల్లల చేత బోర్డు మీద కూడిస్తే 3438 వచ్చినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి!

ఇక అసలు పుస్తకం. ఎల్.డి. స్వామికన్ను పిళ్లై లెక్కగట్టిన పట్టికలు, 1922లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం వేసింది. క్రీ.శ. 700 నుంచి 1799 దాకా తిథి, నక్షత్రం ఎప్పుడు ముగిసిందో ఇంగ్లీషు తేదీలతో సహా ఇచ్చారు. పదకొండు వందల ఏళ్ల పంచాంగం! ముగింపు వేళ రోజులో దశాంశాలుగా ఉంటుంది, అంటే రోజుకు అరవై ఘడియల లెక్కన .3 అని ఉంటే పద్దెనిమిది ఘడియలు. దీని పునర్ముద్రణ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఉన్నాను. పాత ప్రతిని స్కాన్ చేసి అలాగే అచ్చేశారు. అందులో 3 ఏదో 8 ఏదో తెలియదు, కొన్నిచోట్ల చుక్కే లేదు. .3కూ .8కీ మధ్య ముప్పై ఘడియలు, సగం రోజు! అట్ట మాత్రం నిగనిగలాడుతోంది.

ఈ కొట్టులో దొరికింది పాత అచ్చు, ఒక్క సంపుటమే. కాగితం పసుపెక్కింది, అంకెలు మాత్రం నిన్న వేసినట్టున్నాయి. శ్రీకృష్ణదేవరాయలు తిరుమలకు మొదటిసారి వచ్చిన రోజుతో పరీక్షించాను. శక సంవత్సరం 1434 ఆంగీరస, అంటే 1513 ఫిబ్రవరి 10. అప్పటి జూలియన్ క్యాలెండర్ లెక్కన అది గురువారం కావాలి. ఇంట్లో విడిగా లెక్కగట్టుకుని పోయాను, పుస్తకంలోనూ గురువారమే. అక్కడే కొనేశాను.

లోపాలూ ఉన్నాయి. కొన్ని ప్రతులకు ఎవరో కొత్త బైండింగ్ చేయించి అంచులు కోయించారు. కోసిన చోటే తేడాల నిలువు వరస పోయింది. అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు. చిరిగిన పేజీలకు అంటించిన టేపు ముదురు గోధుమ రంగుకు తిరిగి, కింద అంకెలు కనబడవు. పుస్తకం లోపలి అట్ట మీద బాల్‌పెన్‌తో ధర రాయడం కూడా మానేస్తే బాగుండు. ఈ మాట అన్నకే చెప్పాను, ఇప్పుడు చీటీ పెడుతున్నాడు.

చేంబర్స్‌కు రూ. 250, పిళ్లై సంపుటానికి రూ. 900 ఇచ్చాను. బేరం పెద్దగా ఆడడు, ఆ ధరలకు ఆడాల్సిన పనీ లేదు. మధ్యాహ్నం భోజనానికి మూసేస్తాడు, కాబట్టి పొద్దున్నే వెళ్లండి. మెట్ల కింద వెలుతురు చాలదు, ఫోన్ టార్చి సరిపోతుంది. బార్లో ఇంకో ప్రతి ఉంది గానీ 7000 దాటాక పేజీలు తడిసి అతుక్కున్నాయి, దాన్ని వదిలేయండి. పిళ్లై మిగతా సంపుటాలు ఎక్కడైనా తగిలితే చెప్పమని నా నంబరు ఇచ్చి వచ్చాను. మీకు ముందు కనబడితే మీరే తీసుకోండి, అంచులు మాత్రం చూసుకుని.