మూడేళ్లు పిల్లల చేతుల్లో నలిగిన కరెంటు–అయస్కాంతం కిట్

పరకాల దగ్గర ఓ ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. 2022 జూన్‌లో నాలుగు, ఐదు తరగతుల పిల్లల కోసం సొంతంగా తొమ్మిది వందలు పెట్టి ఈ కిట్ తెప్పించాను. పెట్టెలో రెండు కడ్డీ అయస్కాంతాలు, దిక్సూచి, సెల్లు డబ్బా, చిన్న బల్బులు, స్విచ్, బజర్, బొమ్మ మోటారు, పూత ఉన్న రాగి తీగ చుట్ట, పొడవాటి మేకు ఉన్నాయి. కొన్న వారానికే రాసి ఉంటే బజర్‌నూ మోటారునూ మెచ్చుకునేవాణ్ని. ఇప్పుడైతే, పెట్టిన డబ్బుకు విలువ ఆ తీగలోనూ మేకులోనే ఉందంటాను.

బజర్ నొక్కితే మోగుతుంది, అంతే. లోపల ఏం జరుగుతోందో పిల్లలకు కనబడదు. రెండో ఏడు స్విచ్ విరిగింది. వానాకాలంలో సెల్లు తీయకుండా వదిలేశాను, డబ్బా స్ప్రింగులు తుప్పు పట్టాయి.

మేకు చుట్టూ తీగ చుట్టి సెల్లుకు కలిపితే మేకు అయస్కాంతం అవుతుందని అందరూ చెబుతారు. మొదటి రోజు మాకు ఒక్క గుండుసూది కూడా లేవలేదు. తీగ చూడ్డానికి రాగి రంగులోనే మెరుస్తుంది కాబట్టి దానిమీద కరెంటును ఆపే పూత ఉన్నట్టే తెలియదు. కిట్‌తో వచ్చిన కాగితంలో ఆ మాటే లేదు. ఓ అమ్మాయి గరుకు కాగితం మడతలో తీగ కొసను పట్టి తిప్పుతూ లాగింది. ముదురు రంగు పోయి లేత గులాబీ రంగు రాగి బయటపడింది. రెండో కొస కూడా అలాగే గీకి సెల్లుకు ఆనించగానే సూదులు లేచాయి. ఇరవై చుట్లకు నాలుగు, నలభై చుట్లకు తొమ్మిది. ఐదు సెకన్లకు మించి ఆనించి ఉంచకండి, తీగ వేడెక్కుతుంది, సెల్లు త్వరగా అయిపోతుంది.

సెల్లు తీసేశాక కూడా మూడు సూదులు మేకును వదల్లేదు. "కరెంటు లేదు గద సార్, మరి ఎట్ల పట్టుకున్నది?" అని అడిగారు. లోపం మేకులోనే ఉంది. అది గట్టి ఉక్కు. ఉక్కు ఒకసారి అయస్కాంతమైతే ఆ గుణాన్ని కొంత నిలుపుకుంటుంది. మెత్తటి ఇనుము వెంటనే వదిలేస్తుంది. మా ఊరి కమ్మరి ఆ మేకును కొలిమిలో ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పి, తెల్లారేదాకా చల్లారనిచ్చాడు. మర్నాడు సెల్లు తీయగానే సూదులు జలజలా రాలాయి, ఒక్కటి తప్ప.

అది చూసి ఐదో తరగతి పిల్లవాడు, "మా బాయికాడ కరెంటు పోతే స్టార్టర్ టక్కున పడ్తది సార్, గిట్లనేనా?" అన్నాడు. ఈ మూడేళ్లలో నాకు దక్కిన గొప్ప ప్రశ్న అదే. బావి మోటారును నడిపించే స్టార్టర్ పెట్టెలో ఉండే కాయిల్, అంటే తీగ చుట్ట, కరెంటు ఉన్నంతసేపు ఇనుప ముక్కను పట్టి ఉంచుతుంది, పోగానే వదిలేస్తుంది. అందుకే కరెంటు మళ్లీ వచ్చినా పచ్చ బటన్ నొక్కితేనే మోటారు తిరుగుతుంది. స్టార్టర్ మూత తీసి చూద్దామనుకునే పిల్లలు ఉంటారు కాబట్టి అప్పుడే గట్టిగా చెప్పాను. మన సెల్లు ఒకటిన్నర వోల్టు, బడి ప్లగ్గులో 230, మూడు ఫేజుల బోరు మోటారుకు 400కు పైనే. వాటి జోలికి పోవద్దు.

దిక్సూచి మంచిదే, కానీ జాగ్రత్తగా వాడాలి. 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆయిర్‌స్టెడ్ చూసినట్టే, కరెంటు ప్రవహించే తీగ కింద పెడితే ముల్లు పక్కకు తిరిగింది. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. ఓసారి ఎవరో కడ్డీ అయస్కాంతాన్ని దానికి దగ్గరగా తెచ్చారు, ఉత్తరం చూపాల్సిన కొస దక్షిణం చూపడం మొదలుపెట్టింది. ముల్లు ధ్రువాలే తారుమారయ్యాయి. అప్పట్నుంచి తీసిన ప్రతిసారీ, సూర్యుడు వచ్చే దిక్కును బట్టి ముందు సరిచూసుకుంటాం.

కడ్డీ అయస్కాంతాలు చాలాసార్లు గచ్చుమీద పడ్డాయి, బలం తగ్గింది. వ్యతిరేక ధ్రువాలు పక్కపక్కన ఉండేలా పెట్టి, రెండు కొసలకూ ఇనుప ముక్కలు ఆనించి దాచండి.

వచ్చే జూన్‌కు మళ్లీ ఈ కిట్ కొనను. దిక్సూచులు మాత్రం ఐదు తెప్పిస్తున్నాను. పరకాలలో మోటార్లు చుట్టే షాపులో అడిగితే తీగ ముక్కలు ఊరికే ఇచ్చారు. మేకులు ఇప్పటికే కమ్మరి దగ్గర ఉన్నాయి.