బ్యాండ్ చచ్చిపోతే యాంటెన్నా దించకండి, ముందు ఈ సైట్ చూడండి (నోవా స్పేస్ వెదర్ రివ్యూ, 5కి 4.5)

హైదరాబాద్‌లో హ్యామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సొంత రేడియో సెట్‌తో దేశదేశాలవాళ్ళతో మాట్లాడే హాబీ) చేస్తాను. లైసెన్స్ వచ్చిన కొత్తలో ఓ రోజు ఎండ ఉండగానే 14 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఇటలీ ఆయనతో మాట్లాడుతున్నా, ఉన్నట్టుండి ఆయన గొంతు సన్నగిల్లిపోయింది, రెండు నిమిషాల్లో బ్యాండ్ మొత్తం సైలెంట్. డాబా ఎక్కి డైపోల్ యాంటెన్నా దించి, కనెక్టర్ మళ్ళీ సోల్డర్ చేసి, చెమటలు కక్కుతూ కిందకొచ్చేసరికి స్టేషన్లన్నీ వాటంతటవే తిరిగొచ్చేశాయి. సాయంత్రం సీనియర్ ఒకాయన "నీ యాంటెన్నాకేం కాలేదు తమ్ముడూ, సూర్యుడి మీద ఫ్లేర్ వచ్చింది" (అంటే ఉన్నట్టుండి వచ్చే పెద్ద మెరుపు, దాని ఎక్స్‌రేలే రేడియోని ఆపేస్తాయి) అని ఈ సైట్ చూపించారు.

అమెరికా వాతావరణ సంస్థ నోవా బౌల్డర్ నుంచి నడిపే స్పేస్ వెదర్ ప్రిడిక్షన్ సెంటర్ ఇది, పైసా కట్టక్కర్లేదు. వాళ్ళ గోస్ శాటిలైట్ పంపే ఎక్స్‌రే గ్రాఫ్ నిమిషం నిమిషానికీ అప్‌డేట్ అవుతుంది, గీత ఎం దాటి ఎక్స్‌లోకి వెళ్ళిందంటే (ఇవి ఫ్లేర్ బలానికి పెట్టిన అక్షరాలు, ఎం కంటే ఎక్స్ పెద్దది) ఆర్3 బ్లాకవుట్, అంటే రేడియో ఎంత దెబ్బతిందో చెప్పే ఆర్1–ఆర్5 స్కేల్‌లో మూడో మెట్టు అన్నమాట. ఫ్లేర్ వెలుగు 8 నిమిషాల్లో భూమికి వచ్చేస్తుంది కాబట్టి ముందే హెచ్చరించడం ఎవరివల్లా కాదు, వీళ్ళు కూడా రాబోయే మూడు రోజులకి ఇంత శాతం ఛాన్స్ అనే చెప్తారు, అది నిజాయితీ అనిపిస్తుంది నాకు. నాకు బాగా నచ్చింది డి-రాప్ మ్యాప్, ఏ ప్రాంతంలో ఏ ఫ్రీక్వెన్సీ వరకు దెబ్బతిందో రంగుల్లో కనిపిస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలు ఎక్కువ దెబ్బతిని ఆలస్యంగా కోలుకుంటాయి, అందుకే నేను 7 మెగాహెర్ట్జ్ వదిలేసి 21కో 28కో వెళ్ళి వింటా.

జియోమాగ్నెటిక్ తుఫాను (సూర్యుడు విసిరిన ప్లాస్మా, అంటే కరెంటు నిండిన వేడి వాయువు, వచ్చి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేయడం) సంగతి వేరు, ఆ ప్లాస్మా రావడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది కాబట్టి ముందే చెప్పొచ్చు. 2024 మే 9న జీ4 వాచ్ ఇచ్చారు (ఈ తుఫాన్ల స్కేల్ జీ1 నుంచి జీ5 వరకు, వాచ్ అంటే రావచ్చని ముందస్తు హెచ్చరిక), మర్నాడు అది జీ5 దాకా వెళ్ళింది, 2003 అక్టోబర్ తర్వాత అదే మొదటిసారి, లద్దాఖ్ హాన్లేలో ధ్రువ కాంతులతో ఆకాశం ఎర్రబడింది. ఎంత పెద్దదవుతుందో కొంచెం తక్కువ అంచనా వేశారు గానీ వస్తుందని ముందురోజే చెప్పడం చిన్న విషయం కాదు. అలాంటప్పుడు యూట్యూబ్‌లో ఇంటర్నెట్ పోతుందని భయపెట్టే వీడియోలు చూసే బదులు అందరూ ఇక్కడికొచ్చి చూస్తే బాగుండు.

అర మార్కు ఎందుకు తీశానంటే టైములన్నీ యూటీసీలో ఉంటాయి, ప్రతిసారీ అయిదున్నర గంటలు కలుపుకోవాలి. ఇంకోటి, కేపీ నంబర్ (భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కుదుపుకి లోనైందో చెప్పే 0–9 అంకె) ఎక్కువగా ఉత్తరాన చాలా పైనున్న స్టేషన్ల లెక్క, మన దగ్గర దాన్నొక్కదాన్నే పట్టుకోకూడదు, పగలైతే ముందు ఆర్ స్కేల్ చూడండి. ఈమెయిల్ అలర్ట్స్ అన్నీ టిక్ పెడితే ఇన్‌బాక్స్ నిండిపోతుంది, ఎక్స్‌రే ఎం5 దాటినప్పుడు వచ్చేదొక్కటి పెట్టుకోండి, నేను దాంతోనే నడిపిస్తున్నా.