హెల్మెట్ మీద వేసే మెత్తటి తొడుగు: ఒక సీజన్ వాడాక

అయిదుకి రెండు నక్షత్రాలు. ఆ రెండూ కూడా కుట్టుపనికే. మూడు నెలలు ఎండలో, చెమటలో, బురదలో నానినా ఎక్కడా దారం ఊడలేదు. మిగతా సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలండి.

మేముండేది టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో. అమెరికన్ ఫుట్‌బాల్ (కాలితో తన్నే సాకర్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకుంటూ ఆడేది) ఆడే డల్లాస్ కౌబాయ్స్ జట్టు ఆఫీసూ, ప్రాక్టీసు మైదానమూ మా ఊళ్ళోనే ఉన్నాయి. పక్కనే ఆలెన్‌లో హైస్కూలు పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకోవడానికి 6 కోట్ల డాలర్లు పోసి 18 వేల మంది పట్టే స్టేడియం కట్టారు, 2012లో. బడిపిల్లల ఆటకి! ఇలాంటి చోట పెరిగినవాడు ఏడో తరగతికి రాగానే "అమ్మా, నేను ఫుట్‌బాల్‌కి పేరిచ్చేశాను" అంటే ఆశ్చర్యపోవడానికేముంది? మా ఆయన ఆదివారం టీవీ ముందు కూర్చుంటే లేవరు, ఆయన వెంటనే సరేనన్నారు. నేను మాత్రం ఒక షరతు పెట్టాను. హెల్మెట్ మీద ఆ మెత్తటి తొడుగు వేసుకుంటేనే ఆట.

ఎన్ఎఫ్ఎల్ (ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగు) ఆటగాళ్ళ తలల మీద ఉబ్బెత్తుగా కనిపిస్తుందే, గార్డియన్ క్యాప్, ఆ పద్ధతిదే. నేను కొన్నది వేరే కంపెనీది, పేరు రాయను. డెబ్బై డాలర్ల పైచిలుకు పడింది. ఇడ్లీ రేకు బోర్లించినట్టు పైనంతా బుడిపెలు. లోపల స్పాంజి. ముందు పట్టీలు ముఖం మీది కమ్మీలకి చుట్టి బొత్తాలు నొక్కాలి. పెట్టడం అయిదు నిమిషాల పనే, కానీ మొదటిసారి నాకు అరగంట పట్టింది. ఆగస్టులో ఇక్కడ ఎండ వంద ఫారెన్‌హీట్ దాటుతుంది. ఆ ఎండలో ప్రాక్టీసు చేసి వచ్చాక ఆ తొడుగు వాసన గురించి రాయకపోవడమే మర్యాద. నాలుగో వారంలో ఒక పట్టీ బొత్తం ఊడిపోయింది. కంపెనీకి మెయిల్ పెడితే కొత్తది కొనుక్కోమన్నారు. జుట్టుకి కట్టే రబ్బరు బ్యాండుతో సీజన్ గడిపాం. జట్టులో పిల్లలు మావాణ్ణి "పుట్టగొడుగు" అన్నారు. వాడు పట్టించుకోలేదు, నాకే బాధేసింది.

ఇవన్నీ చిన్న ఫిర్యాదులు. అసలుది వేరే.

కొనేముందు నేను చదివింది ఒకటే: 2022 శిక్షణ శిబిరాల్లో ఎన్ఎఫ్ఎల్ కొన్ని స్థానాల ఆటగాళ్ళకి ఈ తొడుగు తప్పనిసరి చేసిందని, వాళ్ళలో కంకషన్లు (దెబ్బకి మెదడు అదిరిపోవడం) దాదాపు సగానికి తగ్గాయని ఎన్ఎఫ్ఎలే చెప్పిందని. 2024 నుంచి అసలు మ్యాచుల్లో కూడా ఇష్టమైనవాళ్ళు పెట్టుకోవచ్చన్నారు. ఇంకేం కావాలి అనుకున్నాను. కొన్న తర్వాత కంటపడిన విషయం ఇంకొకటి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2023 సీజన్లో రెండున్నర వేల మందికి పైగా హైస్కూలు ఆటగాళ్ళని గమనిస్తే, ప్రాక్టీసులో తొడుగు వేసుకున్నవాళ్ళకీ వేసుకోనివాళ్ళకీ కంకషన్లలో తేడా కనిపించలేదు. పెద్దవాళ్ళ శిబిరంలో వచ్చిన అంకెని చూసి పన్నెండేళ్ళ పిల్లాడి తలకి తొడిగాను నేను. పైగా మావాడి జట్టులో దీన్ని ప్రాక్టీసుకే పెట్టుకోనిచ్చారు. మ్యాచ్ రోజున తీసి సంచిలో పెట్టాలి. గట్టిగా గుద్దుకునేది ఆ రోజే కదా!

మాది అంబాజీపేట దగ్గర. నాన్న నలభై ఏళ్ళు కొబ్బరి వ్యాపారం చేశారు. ఈ తొడుగుని వీడియో కాల్లో చూపించి గొప్పగా వివరించాను. ఆయన అంతా విని, "డొక్క మందంగా ఉంటే కాయ పగలదమ్మా, నిజమే. మరి కురిడీ సంగతేంటి? పైన ఎంత దిండు కడితే మాత్రం లోపల గుడ్డు ఆగుద్దా?" అన్నారు. కురిడీ అంటే తెలియనివాళ్ళకి: కాయని నెలల తరబడి అటక మీద ఉంచితే నీరింకి, లోపలి కొబ్బరి చిప్పని వదిలేసి గుండ్రంగా విడిపోతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే గటగటలాడుతుంది. నాన్న ఆ చప్పుడు విని ధర కట్టేవారు.

మెదడు మరీ అలా ఎండిపోయి ఉండదు, చుట్టూ నీరుంటుంది. కానీ ఇబ్బంది అక్కడే. తల ఒక్కసారిగా ఆగినా, గిర్రున తిరిగినా లోపల మెదడు కదిలిపోతుంది. హెల్మెట్ కపాలం పగలకుండా ఆపడానికి పుట్టింది, ఆ పని బాగానే చేస్తుంది. లోపలి కదలికని ఆపడం దాని చేతుల్లో లేదు. బడి ఇచ్చిన హెల్మెట్ మీద ఈ మాట అచ్చువేసే ఉంది, తలకి తీవ్రమైన గాయాలు కాకుండా ఏ హెల్మెటూ పూర్తిగా ఆపలేదని. నేను అక్టోబరు దాకా చదవలేదు.

అక్టోబరులో ఏమైందంటే, మామూలు ప్రాక్టీసు, మంగళవారం. తొడుగు తల మీదే ఉంది. ఎదురుగా వచ్చినవాణ్ణి ఆపబోయి పడ్డాడు, లేచాడు, లేచాక తప్పు వైపు వరసలో నిలబడ్డాడట. అక్కడి ట్రైనరు చూసి వెంటనే బయటికి తీసుకొచ్చింది. ఆవిడకి దండం పెట్టాలి. టెక్సాస్‌లో 2011 నుంచి చట్టం ఉంది: కంకషన్ అనుమానం వస్తే ఆ రోజు ఇక ఆట లేదు, డాక్టరు రాసిస్తేనే మళ్ళీ మైదానం. ఇంటికొచ్చాక లైటు వేస్తే కళ్ళు మూసుకున్నాడు. పదహారు రోజులు పట్టింది మామూలు మనిషి అవడానికి. ఆ పదహారు రాత్రులూ నేను ఫోనులో చదవకూడనివన్నీ చదివాను.

మైక్ వెబ్‌స్టర్ గురించి అప్పుడే తెలిసింది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో సెంటర్‌గా ఆడి నాలుగు సూపర్‌బౌల్స్, అంటే ఎన్ఎఫ్ఎల్ ఫైనల్స్, గెలిచినవాడు. 2002లో, యాభయ్యేళ్ళకే పోయాడు. అతని మెదడుని పరీక్షించిన డాక్టరు బెనెట్ ఒమలు అందులో టావు అనే ప్రొటీను పేరుకుపోయి ఉండడం చూశాడు. 2005లో అది ప్రచురించాడు. అదే సీటీఈ, తలకి పదే పదే దెబ్బలు తగిలి మెదడు మెల్లగా పాడయ్యే జబ్బు. మనిషి బతికుండగా దీన్ని ఖాయంగా తేల్చే పరీక్ష లేదు. బోస్టన్ విశ్వవిద్యాలయం 2017లో 111 మంది మాజీ ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ళ మెదళ్ళు చూస్తే 110 మందిలో ఉంది. అనుమానం ఉన్న కుటుంబాలే మెదళ్ళు ఇచ్చాయి కాబట్టి ఆడినవాళ్ళందరికీ అంతే అనుకోకూడదు, ఆ మాట వాళ్ళే చెప్పారు. నన్ను నిద్రపోనివ్వనిది ఆ అంకె కాదు. అదే బృందం 2019లో చెప్పింది: ఆడే ప్రతి రెండున్నరేళ్ళకి కాస్త అటూ ఇటూగా ఈ జబ్బు వచ్చే అవకాశం రెట్టింపవుతోందట. ఒక్క పెద్ద దెబ్బ కాదు, ఎవరూ లెక్కపెట్టని చిన్న చిన్న దెబ్బలే ఏళ్ళ తరబడి చేరి. నేను డెబ్బై డాలర్లు పెట్టింది పెద్ద దెబ్బ కోసం.

తొడుగు కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకి నా మాట: పిల్లాడు ఎలాగూ ఆడుతున్నాడంటే కొనండి, చెరుపేమీ లేదు. కానీ దాన్ని చూసుకుని "ఆడనిద్దాం" అని మాత్రం నిర్ణయించుకోకండి. నేను చేసిన తప్పు అదే. అది లేకపోతే నేను ఒప్పుకునేదాన్నే కాదు.

ఈ వసంతంలో ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో చేర్పించాం. గుద్దుకోవడాలు, కింద పడేయడాలు ఉండవు, నడుముకి వేలాడే గుడ్డపట్టీ లాగితే చాలు. 2023లో ముంబైలో జరిగిన ఒలింపిక్ సమావేశంలో మన టీ20 క్రికెట్‌తో పాటే దీన్ని కూడా 2028 లాస్ ఏంజిల్స్ ఆటల్లోకి తీసుకున్నారు. ఈ మాట చెప్పి మావాణ్ణి ఊరించబోయాను. "అయినా అది అసలుది కాదమ్మా" అన్నాడు. వాడి మాటలో నిజముంది. శుక్రవారం రాత్రి బ్యాండు మేళంతో, ఊరు ఊరంతా వచ్చి కేకలేసే ఆట అది కాదు. అసలు ఫుట్‌బాల్ ఇక్కడ పోతుందని కూడా నేను అనుకోను. మా వీధిలో తెలుగువాళ్ళ పిల్లలు మాత్రం ఒక్కొక్కరే టెన్నిస్‌కీ, క్రికెట్‌కీ, ఫ్లాగ్‌కీ జరిగిపోతున్నారు. ఆలెన్ స్టేడియంలో కుర్చీలు మాత్రం ఖాళీగా కనిపించడం లేదు.

ఎనిమిదో తరగతికి ఆగస్టులో మళ్ళీ పేర్లిస్తారు. మా ఇంట్లో ఆ మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు.

తొడుగు ఉతికి గ్యారేజీలో పెట్టాను. మొన్న పక్క వీధి ఆయన వచ్చి, "మా బాబు కూడా ఈసారి ఆడతానంటున్నాడండీ, మీ దగ్గర అదేదో ఉందట కదా, వాడకపోతే ఇస్తారా?" అని అడిగారు. వెతికి ఇస్తానన్నాను. కనిపించే చోటే ఉంది, రోజూ కారు తీస్తూ చూస్తూనే ఉన్నాను. ఇంకా ఇవ్వలేదు.