పది ఫ్యాక్టర్ గాజు ప్రిజం: కొనండి, కానీ లెక్కపెట్టి వదిలేయకండి

అమెరికా పశ్చిమాన పాండరోసా పైన్ అడవుల్లో ముసలి మానులు, నడివయసు చెట్లు, లేత మొక్కలు కలిసే పెరుగుతుంటాయి. ఏది నరకాలో, ఏది ఉంచాలో తేల్చే ముందు ఎకరానికి బేసల్ ఏరియా, అంటే 4.5 అడుగుల ఎత్తులో మానుల అడ్డుకోతల మొత్తం వైశాల్యం, ఎంతో తెలియాలి. జేబులో పట్టే ఈ గాజు ముక్క, దానిలోంచి చూసిన మాను బొమ్మను కాస్త పక్కకు జరిపి, ఆ పని నిమిషాల్లో చేస్తుంది. పది ఫ్యాక్టర్ అంటే లెక్కలోకి వచ్చే ఒక్కో చెట్టూ, సన్నదైనా లావుదైనా, ఎకరానికి 10 చదరపు అడుగులు.

కొనగానే పరీక్షించండి. 12 అంగుళాల వెడల్పున్న అట్టను 33 అడుగుల దూరంలో పెట్టి చూస్తే, పక్కకు జరిగిన బొమ్మ అంచు అసలు అట్ట అంచుకు సరిగ్గా ఆనాలి. ఆనకపోతే వెనక్కి పంపేయండి.

వాడకంలో ఎక్కువ పొరపాట్లు ఒక్కచోటే. కొలిచే చోటు నడిమధ్య పాతిన గుర్తు కర్ర మీద ఉండాల్సింది ప్రిజం, మన కన్ను కాదు. దాన్ని కదపకుండా చుట్టూ మనమే తిరగాలి. 4.5 అడుగుల ఎత్తులో, ప్రిజంలో పక్కకు జరిగి కనిపించే ముక్క అసలు మానును ఇంకా తాకుతుంటే ఆ చెట్టు లెక్కలోకి, పూర్తిగా విడిపోతే బయటికి. అంచులు ఆనీ ఆననట్టుంటే ఊహించొద్దు, టేపు తీయండి: ఆ ఎత్తులో మాను వ్యాసం అంగుళాల్లో ఎంతో దాన్ని 2.75తో గుణిస్తే హద్దు దూరం అడుగుల్లో వస్తుంది. 14 అంగుళాల చెట్టుకు 38.5 అడుగులు, అదీ మాను నడిమధ్య వరకు, నేల వాలుగా ఉన్నా అడ్డంగా కొలిచిన దూరం. వాలు నేల మీద చూపుకు అడ్డంగా పట్టిన ప్రిజాన్ని వాలు కోణమంత పక్కకు ఒంచాలి. ముందున్న చెట్టు అడ్డొస్తే, చూడాల్సిన చెట్టుకు దూరం మారకుండా పక్కకు జరిగి చూసి, మళ్ళీ కర్ర దగ్గరికి రండి.

అసలు చిక్కు ఇక్కడ. 8 చెట్లు లెక్కకొస్తే 80 చదరపు అడుగులు. సరే, కానీ ఎదిగే చోటు ఎంత మిగిలిందో ఆ అంకె చెప్పదు. అటవీ శాస్త్రవేత్త రీనెకె 1933లో ఇచ్చిన సాంద్రత సూచీతో చూడండి; ఎకరంలోని చెట్లు ఎన్ని 10 అంగుళాల చెట్లకు సమానమో అది చెబుతుంది. ఆ ఎనిమిదీ 5 అంగుళాలవైతే సూచీ సుమారు 193, 10 అంగుళాలవైతే 147, 20 అంగుళాలవైతే 112. పాండరోసాకు గరిష్ఠం 450 అనుకుంటే వరసగా 43, 33, 25 శాతం. 25 దగ్గర పోటీ మొదలవుతుంది, 35 దగ్గర చోటు దాదాపు నిండుతుంది, 60 దాటితే చెట్లు వాటంతటవే చస్తాయి. అంటే అదే 80లో ఒక తోపు చోటు నిండి ఇరుకున పడితే, ఇంకోదానిలో పోటీ అప్పుడే మొదలైంది. అందుకే లెక్కకొచ్చిన ప్రతి చెట్టు వ్యాసమూ రాసుకోవాలి. అన్ని వయసులూ కలిసినచోట సగటు వ్యాసంతో సరిపెట్టకుండా, చెట్టు చెట్టుకూ విడిగా సూచీ కట్టి కూడాలి. పది ఫ్యాక్టర్‌లో 10 అంగుళాల చెట్టు ఒకటి ఎకరానికి 18.3 చెట్లకు లెక్క, 20 అంగుళాలదైతే 4.6కు.

లేత మొక్కల విషయంలో ఈ ప్రిజం దండగే. అంగుళం మొక్క 2.75 అడుగుల లోపుంటేనే అందుతుంది. వాటికి అదే కర్ర చుట్టూ 6.8 అడుగుల వ్యాసార్ధంతో, అంటే ఎకరంలో 300వ వంతుతో, విడిగా వలయం గీయండి.

జల్లు పడితే గాజు మీద చుక్కలు నిలిచి అంచు కనపడదు, మెత్తటి గుడ్డ దగ్గరుంచుకోండి. ఒక్కో చోట 4 నుంచి 8 చెట్లు లెక్కకొస్తే పది ఫ్యాక్టర్ సరైనదే. లావు మానులు దట్టంగా ఉండి పదిహేను దాటుతుంటే ఇరవై ఫ్యాక్టర్‌ది కొనండి.